శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

ప్రతి సంవత్సరమును పరీక్షలు ముగిసిన పిమ్మట కొందరు తలిదండ్రులు మన పాఠశాలకు వచ్చి మమ్ము ఒకే మాట అడుగుచుందురు. పిల్ల పదవ తరగతి ముగించినది. పై చదువునకు పంపవలయునా, మానవలయునా అని. వారి సందేహములు తేలికవి కావు. కళాశాల దూరము. ఆడపిల్ల ఉండుటకు తగిన వసతిగృహము దొరకునో దొరకదో. తెలుగున చదివిన పిల్ల కన్నడమునను ఇంగ్లీషునను సాగు తరగతులలో నిలువగలదో లేదో. ఇటు చూడగా మన హెబ్బగోడి ప్రక్కనే బొమ్మసంద్ర కర్మాగారములు నెలజీతముతో పిలుచుచున్నవి. ఈ సందేహములకు మేము ఉపన్యాసముతో సమాధానము చెప్పుటకంటె, ఇట్టి చిక్కులనే ఎదుర్కొని, తాను దాటుటయే గాక తన వెనుక వచ్చువారికి దారి చేసిన ఒక తెలుగు వనిత చరిత్రమును వ్రాయుట మేలని తలచితిమి.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆ కాలపు ఆచారము ననుసరించి 8 ఏండ్ల ప్రాయముననే ఆమెకు పెండ్లి చేసిరి. బుద్ధి తెలిసిన పిమ్మట తాను ఆ కాపురమునకు పోజాలనని, చదువుకొందునని ఆమె నిశ్చయించుకొన్నది. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. నూరేండ్ల క్రిందటి ఆంధ్రదేశమున, ఇరుగుపొరుగువారి మాటలకు వెరవక ఒక తండ్రి అట్లు నిలుచుట ఎంతటి పనియో పిల్లలకు తెలియకపోవచ్చును గాని పెద్దలకు తెలియును. ఆమె కీర్తిని చెప్పువారు తరచుగా ఆ తండ్రిని మరతురు. మేము మరువజాలము.

చిన్ననాడే ఆమెకు పట్టుదల మెండు. ఇంగ్లీషున బోధించు బడి వలదని 12 ఏండ్ల వయసున చదువు మానెను. హిందీ నేర్చి, బాలికలకు హిందీ పాఠశాల నడిపెను. (ఇంగ్లీషు వలదన్న ఈ బాలికయే పిమ్మట ఇంగ్లీషున న్యాయశాస్త్రము చదివి న్యాయవాదియైనదని మన విద్యార్థులు గమనింతురు గాక.) 1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున ఆమెను కావలియుంచిరి. టికెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు టికెట్టు లేక వచ్చిరి. ఆమె ఆపివేసెను. పెద్దలు తొట్రుపడి టికెట్టు కొని తెచ్చిన పిమ్మటనే ఆయనను లోనికి విడిచెను. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని 1930 మొదలు 1933 వరకు ఆమె మూడు పర్యాయములు చెర ననుభవించెను. కొంతకాలము మధుర కారాగారమున ఏకాంతవాసము విధించిరి. అక్కడ హత్యానేరమునకు శిక్షపడిన స్త్రీలను ఆమె చూచెను. వారిలో పలువురకు తమపై మోపిన నేరమేమియో, న్యాయస్థానమున ఏమి చెప్పుకొనవలయునో తెలియదు. తమకై మాటాడువారు లేక శిక్షపడినవారు వారు. తాను న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు అక్కడనే కలిగినది.

సంకల్పము సరే. చెర నుండి వెలువడునాటికి ఆమెకు 24 ఏండ్లు. చేత మెట్రిక్యులేషను కూడ లేదు. అంతటి వయసున తిరిగి పలక పట్టినట్లే అయినది. బెనారసు హిందూ విశ్వవిద్యాలయము వారి మెట్రిక్యులేషనుకు చదివి ఉత్తీర్ణురాలయ్యెను. ఆ విశ్వవిద్యాలయముననే ఇంటర్మీడియటు పూర్తిచేసెను. తరువాత రాజనీతిశాస్త్రమున ఆనర్సు చదువగోరి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చెను. అప్పుడు వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారు మన ప్రాంతమునకు కొత్తవారు కారు. మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగాను, పిదప సంస్థాన విద్యాశాఖకు అధికారిగాను ఇక్కడ పనిచేసినవారే. నూతన భావములు గల విద్వాంసులు. అయినను విశ్వవిద్యాలయమున స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనజాలమని వారు చెప్పవలసివచ్చినది. మార్కులు చాలవని కాదు, తెలివి చాలదని కాదు. ఉండుటకు చోటు లేదని!

ఇట్టి సమాధానము విని ఇంటికి మరలిన బాలికలు నాడు ఎందరో. దుర్గాబాయి మరలలేదు. వసతి లేక పై చదువు ఆగిపోయిన బాలికలు తనకు తెలియజేయవలసినదని వార్తాపత్రికలలో ప్రకటించెను. పదిమంది వరకు ముందునకు వచ్చిరి. వారందరు కలసి ఒక వసతిగృహము నేర్పరచుకొనిరి. చోటు లేదను మాట తొలగిపోగా విశ్వవిద్యాలయము వారు ఆమెను చేర్చుకొనిరి. ఆమె అక్కడ ఎం.ఏ. పట్టము నందెను.

ఈ ఘట్టమును మేము పలుమారులు తలచుకొనుచుందుము. ఆమె తన యొక్కతె కొరకు బ్రతిమాలినచో, ఏదో ఆచార్యుని యింట చోటు చూపి ఆమెను మాత్రము చేర్చుకొనియుందురేమో. మరుసటి ఏడు వచ్చిన బాలికకు మరల అదే సమాధానము దొరకియుండును. ఆమె అడిగినది మినహాయింపు కాదు, ఏర్పాటు. తరువాత ఆమె చేసిన గొప్ప పనులన్నియు ఈ వాల్తేరు పనికి విస్తరణమే యని మా అభిప్రాయము.

మదరాసున ఆమె పొరుగిండ్ల పిల్లలకు హిందీ నేర్పుచు ఆరంభించిన చిన్న బృందమే 1937లో ఆంధ్ర మహిళాసభ యయ్యెను. నాడు మదరాసు తెలుగువారికిని రాజధానియే గాని, అక్కడి వీధులలో వినవచ్చు భాష తమిళము. తెలుగు ఆడుబిడ్డలకు తమ భాషలో చదువు చెప్పు స్థలము అరుదు. తాను కష్టపడి ఉత్తీర్ణురాలైన బెనారసు పరీక్షకే సభలో బాలికలను, పెద్దవయసు స్త్రీలను సిద్ధపరచుచు, మరొక ప్రక్క న్యాయశాస్త్రము చదివి 1942లో బి.ఎల్. పట్టమంది, మదరాసు న్యాయస్థానమున వాదించుట కారంభించెను. తాను చిన్ననాట విడిచిన భర్త మరల వివాహమాడి మరణింపగా, ఆ రెండవ భార్య దిక్కులేని స్థితిలో నుండెను. దుర్గాబాయి ఆమెను సభకు తీసికొనివచ్చి, పని నేర్పించి, జీవనోపాధి కల్పించెను. ఈ విషయమును చదివినప్పుడు మేము కొంతసేపు మాటాడలేకపోతిమి.

1946లో రాజ్యాంగ సభకు సభ్యురాలయ్యెను. అధ్యక్షస్థానమున కూర్చుండ నర్హులైనవారి పట్టికలో ఆమె యొక్కతెయే స్త్రీ. 1952 ఎన్నికలలో మాత్రము ఓటమి ప్రాప్తించినది. తరువాత ప్రణాళికా సంఘ సభ్యత్వము లభించినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలయ్యెను. ఆ యేడే ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడెను. వారు పిమ్మట విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమునకు అధ్యక్షులైరి.

1951 జనాభా లెక్కలలో మనదేశపు స్త్రీలు నూరుగురిలో చదువను వ్రాయను నేర్చినవారు 9 మందియైనను లేరు. 1958లో ప్రభుత్వము స్త్రీవిద్యను విచారించుటకు జాతీయ సంఘమును నియమించి దుర్గాబాయిని అధ్యక్షురాలిని చేసెను. 1959లో సంఘము నివేదిక నిచ్చినది. స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగా నెంచి ప్రత్యేక నిధులతో సాగింపవలెనని కోరినది. అధ్యాపకురాండ్రకు నివాసగృహములు కావలెనన్నది. ప్రతి రాష్ట్రపు విద్యాశాఖలోను బాలికావిద్య బాధ్యతను ఉన్నతాధికారిణియైన ఒక స్త్రీకి అప్పగింపవలెననియు సూచించినది. ఇవి వేరువేరు కోరికలు కావు. అధ్యాపకురాలు లేని బడికి తలిదండ్రులు పెద్దపిల్లను పంపరు. ఉండుటకు ఇల్లు లేని ఊరికి అధ్యాపకురాలు రాదు. ఆ యింటి సంగతి కచ్చేరిలో తలచు స్త్రీ పైస్థానమున లేనిచో ఇల్లు కట్టించువారుండరు. వసతిగృహము లేక విశ్వవిద్యాలయ ద్వారమున నిలిచిన వనితకు ఈ వరుస తెలిసియుండుట వింత కాదు.

ఆ రోజులలోనే సంక్షేమ బోర్డు వారు వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యాక్రమమును ప్రారంభించిరి. బాల్యమున బడి మానినవారు, వితంతువులు, భర్త విడిచినవారు సుమారు రెండేండ్లలో మెట్రిక్యులేషను వంటి పరీక్షలకు సిద్ధపడి, అటుపిమ్మట ఉపాధ్యాయినులుగానో నర్సులుగానో శిక్షణ పొందుటకు వీలుకలిగినది. తన 24వ యేటి అనుభవమును ఆమె దేశమునకంతకు ఒక పథకముగా మార్చినదని చెప్పవచ్చును. మన విద్యార్థుల తల్లులలో చదువు నడుమ ఆగినవారు కలరు. వారీ భాగమును రెండుసారులు చదువుదురు గాక.

హైదరాబాదులో ఆంధ్ర మహిళాసభ పక్షమున స్త్రీలకు కళాశాలలు వెలసినవి. 1975లో ఆమెకు పద్మవిభూషణ బిరుదము లభించినది. 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూసెను. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్త్రీవిద్యా పరిశోధన కేంద్రమునకు ఆమె పేరే పెట్టిరి.

మనవంటివారి సంగతి యొకటి మిగిలినది. ఢిల్లీలోని తెలుగు పిల్లలకు మాతృభాష దూరము కాకూడదని 1948లో అక్కడ ఆంధ్ర విద్యాసంఘమును స్థాపించినది దుర్గాబాయియే. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానము వారు ఢిల్లీలో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల వెనుకను ఆమె కృషి కలదు. మన హెబ్బగోడికి 2025లో మెట్రో రైలు వచ్చినది గదా. ఢిల్లీ మెట్రోలో ఆ కళాశాల ప్రాంతమున దిగవలసిన స్టేషనులలో ఒకదానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్నది. రేపు మన బాలికలలో ఎవరైనను అక్కడ చదువబోయినచో, ఆ పేరును పలకమీద తామే చదువుకొందురు.