వరండాలో నిలబడిన మదనపల్లె బాలుడు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకొచ్చారు. ఆయన తత్వాన్ని వివరించేంత పాండిత్యం నాకు లేదు. ఆయన బాల్యమూ, పిల్లల కోసం ఆయన కోరుకున్న బడీ మాత్రం ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నన్ను వదలడం లేదు.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. మలేరియా జ్వరాల వల్ల పిల్లవాడి చదువు మొదటి నుంచీ కుంటుపడింది. 1905లో, కుటుంబం కడపలో ఉండగా తల్లి సంజీవమ్మ చనిపోయారు. అప్పటికి ఆయనకు పదేళ్లు. 1909లో తండ్రి మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి చేరడంతో ఆయనా, తమ్ముడు నిత్యానందా మైలాపూరు బడికి వెళ్లసాగారు. పాఠం రాలేదని కృష్ణమూర్తికి ఇంచుమించు రోజూ బెత్తం దెబ్బలు పడేవి. చాలా పూటలు వరండాలో నిలబడి ఏడుస్తూనే గడిచేవి. మందబుద్ధి అన్న ముద్ర పడింది.

ఆ ఏడాదే అడయారు సముద్రతీరంలో ఆయన్ను దివ్యజ్ఞాన సమాజం పెద్దలలో ఒకరైన లెడ్‌బీటర్ చూశారు. అనీబిసెంట్ ఆ అన్నదమ్ములను చేరదీసి ఇంగ్లండులో చదివించారు. లోకానికి గురువు కాబోయేవాడని కృష్ణమూర్తి పేరు మీద ఒక పెద్ద సంస్థే వెలిసింది. అక్కడా ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కలేకపోయారు. 1925లో ప్రాణసమానుడైన తమ్ముడు క్షయతో పోయాడు. 1929 ఆగస్టు 3న హాలెండులో, వేల మంది అనుచరుల ఎదుట, తన పేరు మీద నడుస్తున్న ఆ సంస్థను తానే రద్దు చేశారు. ఇతరులు తనకు కట్టిన వేషాన్ని తీసివేసి, తొంభై ఏళ్లు బతికిన జీవితంలో మిగిలిన కాలమంతా మామూలు మనిషిగానే దేశదేశాలు తిరిగి మాట్లాడారు.

ఆయన చేపట్టిన పనుల్లో మన రాయలసీమకు దక్కింది రిషీవ్యాలీ. మదనపల్లెకు చేరువలో, బోడికొండల నడుమ 1926లో దానికి పునాది పడింది. ఇప్పుడు ఆ లోయంతా చెట్లే. అక్కడ ఉపాధ్యాయులు పిల్లలతో పాటే కాపురముంటారు. ర్యాంకులు పెట్టి ఒకరితో ఒకరిని పోల్చరు. చదువుతో పాటు సంగీతం, నాట్యం, చేతిపనులు ఉంటాయి. పొద్దు వాలే వేళ పిల్లలు కొంతసేపు మౌనంగా కూర్చునే అలవాటుంది. అలాగని చదువును గాలికొదల్లేదు. పదో తరగతి బోర్డు పరీక్షలు వాళ్లూ రాస్తారు. కృష్ణమూర్తి వచ్చినప్పుడల్లా పిల్లలతో భయం గురించీ, పోలిక గురించీ మాట్లాడేవారు. 1985 డిసెంబరులో, తొంభై ఏళ్ల వయసులోనూ వచ్చారు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహాయ్‌లో కన్నుమూశారు.

1939లో అదే అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి కూడా, పన్నెండు దాటిన పిల్లలు పసిబిడ్డలంత సున్నితంగా ఉంటారని గమనించారు. ఆ వయసులో ఒళ్లు మారుతుంది, గొంతు మారుతుంది, నలుగురిలో తలెత్తుకు నిలవాలనే తపన పుడుతుంది. సరిగ్గా అప్పుడే మనం మార్కులు చదివి వినిపించి తల దించుకునేలా చేస్తాం.

నేనూ చేశాను. మాది ఆళ్లగడ్డ. రోజూ బస్సులో నంద్యాలకు వచ్చి పాఠం చెప్పేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో మా ఊరి పిల్లవాడే ఒకడు రేఖాగణితంలో వెనకబడేవాడు. వారం రోజులు వరండాలో నిలబెట్టాను. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. కొన్నేళ్లకు ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల ముందు కనిపించాడు. నల్లరాతి మీద విగ్రహానికి కొలతల గీతలు గీస్తున్నాడు. నేను నల్లబల్ల మీద చెప్పలేకపోయిన రేఖాగణితమంతా ఆ రాతి మీద ఉంది. నన్ను చూసి ఉలి పక్కనపెట్టి లేచి నిలబడ్డాడు. ఏం మాట్లాడానో గుర్తులేదు. క్షమించమని మాత్రం అడగలేదు. కృష్ణమూర్తి జీవితంలో మైలాపూరు వరండా గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

గురువును శిల్పితో పోలుస్తూ మన సభల్లో మాట్లాడుతుంటారు. రాయికి అవమానం తెలియదు, పిల్లవాడికి తెలుస్తుంది.

రిషీవ్యాలీ ఫీజులు కట్టే ఆశ్రమ పాఠశాల. తరగతికి అరవై మంది ఉండే మన బడిని అలా మార్చలేం. డబ్బు అక్కర్లేనివి మాత్రం తెచ్చుకోవచ్చు. స్వర్ణోత్సవ నిధితో ర్యాంకర్ల పేర్ల ఫలకం పెట్టాలని ఆలోచన ఉందని విన్నాను. ఆ సొమ్ముతో ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు ఒక పనిముట్ల గది, చిన్న తోట ఏర్పాటు చేయమని నా మనవి. వారానికి ఒక పూట ఆళ్లగడ్డ శిల్పినో, నంద్యాల రైతునో పిలిపించండి. మార్కులు అందరి ముందూ చదవడం మానండి. ఎవరినీ వరండాలో నిలబెట్టకండి.

ఆ కుర్రవాడి పేరు మన పూర్వ విద్యార్థుల జాబితాలో లేదు, పదో తరగతి పూర్తి చేయలేదు కనుక. ఉత్సవానికి పిలవడానికి నేనే వెళ్తున్నాను. ఈసారి అడగవలసింది అడుగుతాను.