బెంజమిన్ ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండి వలస వచ్చి, కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్ముకొనుచు బిడ్డలను పోషించెను. బీదతనముచే ఫ్రాంక్లిన్ పదియవ యేటనే బడి మాని, తరువాత అన్నగారి అచ్చుకూటమున పని నేర్చుకొనెను. యౌవనమున లండను అచ్చుకూటములలోను పనిచేసెను.

మెరుపు విద్యుత్తేయని వెల్లడించినందులకు లండనులోని రాయల్ సొసైటీ 1753లో అతనికి కోప్లీ పతకము నొసగెను. పిమ్మట అమెరికా వలసరాజ్యముల ప్రతినిధిగా అతడు లండనున సుమారు పదునారేండ్లు నివసించి, పలువురు ఆంగ్లేయులకు ఆప్తుడయ్యెను.

పన్నుల విషయమున కలహము ముదిరి యుద్ధమయ్యెను. 1776లో ఫ్రాంక్లిన్ స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసెను. కుమారుడు విలియము మాత్రము ఆంగ్ల రాజు పక్షముననే నిలిచెను. ఆ యెడబాటు తండ్రి హృదయమున మానని గాయమయ్యెను.

1779లో అతడు ఫ్రాన్సున అమెరికా రాయబారిగా ఉండెను. ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ అప్పుడు పసిఫిక్ మహాసముద్రమున నూతన ప్రదేశముల నన్వేషించుచుండెనని లోకము తలచుచుండెను. అతని ఓడ ఎదురైనచో శత్రునౌకగా నెంచి పట్టుకొనక, తోడ్పడవలసినదని ఫ్రాంక్లిన్ అమెరికా నౌకాధిపతులకు వ్రాసెను. జ్ఞానము సకల మానవులకు చెందినదని అతని విశ్వాసము. కుక్ అప్పటికే హవాయి దీవిలో మరణించెను. ఆ వార్త ఇంకను ఐరోపాకు చేరలేదు.

1783లో కుదిరిన సంధిపై సంతకము చేసినవారిలో ఫ్రాంక్లిన్ ఒకడు. మరుసటి యేడు ఆంగ్ల నౌకాశాఖవారు కృతజ్ఞతతో కుక్ యాత్రాగ్రంథమును అతనికి బహూకరించిరి. 1790లో అతడు ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను. పోరాడునప్పుడును ఎదుటివాని మేలును గుర్తించుటయే నిజమైన పెద్దరికము.