ఆర్ట్ బ్లేకీ

ఆర్ట్ బ్లేకీ (అక్టోబరు 11, 1919 - అక్టోబరు 16, 1990) అమెరికాకు చెందిన ప్రసిద్ధ జాజ్ డ్రమ్ వాద్యకారుడు, బృంద నాయకుడు. జాజ్ మెసెంజర్స్ అనే వాద్యబృందాన్ని మూడు దశాబ్దాలకు పైగా నడిపి, ఎందరో యువ కళాకారులను తీర్చిదిద్దాడు. 1940వ దశకం చివరలో ఈయన పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళాడు. ఆ యాత్ర ఈయన వాద్యశైలిని ఎంతవరకు ప్రభావితం చేసిందన్నది జాజ్ చరిత్రలో నేటికీ చర్చనీయాంశమే.

బాల్యం, తొలి జీవితం

బ్లేకీ పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఉక్కు పరిశ్రమకు పేరొందిన పిట్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. పసితనంలోనే తల్లిని కోల్పోగా, కుటుంబానికి తెలిసినవారు పెంచారు. మొదట పియానో వాయించి, యౌవనారంభంలోనే సొంత బృందం నడిపాడు. ఒక క్లబ్బు యజమాని తుపాకీ చూపించి, పియానోను ఎర్రోల్ గార్నర్‌కు వదిలి డ్రమ్ముల వద్దకు వెళ్ళమన్నాడని బ్లేకీ చెప్పేవాడు. ఇందులో నిజమెంత అన్నది అటుంచితే, ఈయన డ్రమ్ వాద్యకారుడిగా మారింది ఆ రోజులలోనే.

1942లో మేరీ లూ విలియమ్స్ బృందంతో న్యూయార్కులో వాయించాడు. ఆ తరువాత ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో చేరాడు. ఆ బృందంలో ఉన్న కాలంలోనే జార్జియా రాష్ట్రంలో ఒక తెల్లజాతి పోలీసు అకారణంగా కొట్టడంతో తలకు తీవ్ర గాయమై, లోపల లోహపు పలక అమర్చవలసి వచ్చింది. ఆ గాయం కారణంగానే రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక సేవకు అనర్హుడయ్యాడు. 1944 నుండి 1947 వరకు బిల్లీ ఎక్‌స్టైన్ బృందంలో పనిచేశాడు. డిజ్జీ గిలెస్పీ, చార్లీ పార్కర్ వంటి వారు ఈ బృందంలో వాయించారు. అప్పుడు రూపుదిద్దుకుంటున్న బీబాప్ అనే కొత్త జాజ్ శైలితో బ్లేకీకి గట్టి పరిచయం ఏర్పడింది ఇక్కడే.

ఇస్లాం స్వీకారం, ఆఫ్రికా యాత్ర

జాతివివక్ష తీవ్రంగా ఉన్న ఆ కాలంలో పలువురు నల్లజాతి సంగీతకారులు ఇస్లాం వైపు ఆకర్షితులయ్యారు. 1889లో పంజాబులోని ఖాదియాన్‌లో మొదలైన అహ్మదీయ ఉద్యమం 1920వ దశకం నుండి అమెరికాలో ప్రచారం సాగిస్తూ ఉండేది. ఈ ఉద్యమ ప్రభావంతో బ్లేకీ ఇస్లాం స్వీకరించి, అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అనే పేరు పెట్టుకున్నాడు. మిత్రులు ఈయనను "బు" అని పిలిచేవారు.

ఎక్‌స్టైన్ బృందం 1947లో విడిపోయిన తరువాత బ్లేకీ పశ్చిమ ఆఫ్రికాకు ప్రయాణమయ్యాడు. అక్కడి నైజీరియా, గోల్డ్ కోస్ట్ (1957 నుండి ఘనా) అప్పటికి ఇంకా బ్రిటిషు పాలనలోనే ఉన్నాయి. ఈయన అక్కడ ఎంతకాలం ఉన్నాడు, ఏమి నేర్చుకున్నాడు అన్న విషయాలపై ఏకాభిప్రాయం లేదు. దీనికి ముఖ్యకారణం బ్లేకీ మాటలే. 1957లో రికార్డు చేసిన "రిచువల్" అనే రచనకు ముందుమాటగా, నైజీరియాలోని ఇజా తెగవారితో గడిపిన కాలాన్ని తానే వివరించాడు. ఇతర సందర్భాలలో మాత్రం తాను వెళ్ళింది మతాన్ని, తత్త్వాన్ని తెలుసుకోవడానికే తప్ప డ్రమ్ములు నేర్చుకోవడానికి కాదని చెప్పాడు. జాజ్ అమెరికా గడ్డపై పుట్టిన సంగీతమనీ, దానిని ఆఫ్రికాకు ఆపాదించరాదనీ వాదించేవాడు.

ఈ వాదాన్ని ఆనాటి పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని అర్థం చేసుకోవాలి. నల్లజాతి వారికి లయ పుట్టుకతోనే అబ్బుతుందన్న అభిప్రాయం అప్పట్లో సాధారణం. అది పైకి ప్రశంసలా కనిపించినా, ఏళ్ళ తరబడి చేసిన సాధనకు విలువ లేకుండా చేస్తుంది.

వాద్యశైలి

యొరూబా ప్రజల "మాట్లాడే డ్రమ్ము" డమరుకం వలె నడుము సన్నగా ఉండే వాద్యం. దానిని చంకలో ఉంచుకొని, చుట్టూ ఉన్న తాళ్ళను నొక్కితే చర్మం బిగిసి స్థాయి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. యొరూబా భాషలో స్వరస్థాయిని బట్టి పదం అర్థం మారుతుంది కనుక, ఈ వాద్యం మాటల ధోరణిని అనుకరించగలదు. బ్లేకీ డ్రమ్ము చర్మంపై మోచేతిని నొక్కి స్థాయిని మార్చేవాడు. డ్రమ్ముల అంచులపై, పక్కలపై కూడా కొట్టేవాడు. ఒక చేతితో ఒక లయను, మరొక చేతితో వేరొక లయను నడిపిస్తూ, రెండవ, నాలుగవ మాత్రలపై హై-హ్యాట్ తాళాలను గట్టిగా మూయించడం ఈయన ముద్ర.

ఇవన్నీ ఆఫ్రికాలోనే నేర్చుకున్నాడని చెప్పలేము. క్యూబాకు చెందిన కాంగా వాద్యకారులు కూడా చర్మాన్ని నొక్కి స్థాయిని మారుస్తారు. బానిసలుగా క్యూబాకు తరలింపబడిన యొరూబాల వంటి పశ్చిమ ఆఫ్రికా ప్రజల సంప్రదాయాలు అక్కడ నిలిచి ఉన్నాయి. క్యూబాకు చెందిన కాండిడో వంటి వాద్యకారులతో బ్లేకీ న్యూయార్కులోనే కలిసి వాయించాడు. అంటే ఆఫ్రికా లయలు ఈయనకు ఒకటి కంటే ఎక్కువ మార్గాలలో చేరి ఉండవచ్చు.

డ్రమ్ము ప్రధానమైన ఆల్బమ్‌లు

1957లో "ఆర్జీ ఇన్ రిథమ్", 1958లో "హాలిడే ఫర్ స్కిన్స్" ఆల్బమ్‌ల కొరకు పలువురు డ్రమ్ వాద్యకారులను ఒకచోట చేర్చి రికార్డు చేశాడు. 1961లో "ద ఫ్రీడమ్ రైడర్" అనే సుదీర్ఘమైన ఏకవాద్య రచన చేశాడు. దక్షిణాది రాష్ట్రాల బస్సులలో జాతివివక్షను ధిక్కరించి ప్రయాణించిన ఉద్యమకారులకు ఇది నివాళి. 1962 జనవరిలో రికార్డయిన "ది ఆఫ్రికన్ బీట్"లో నైజీరియాకు చెందిన సోలమన్ ఇలోరీ పాల్గొన్నాడు. ఆఫ్రికా సంబంధాన్ని మాటలలో తరచు కాదన్న బ్లేకీ, ఆ ఖండానికి చెందిన కళాకారుడితో కలిసి వాయించడానికి మాత్రం వెనుకాడలేదు.

జాజ్ మెసెంజర్స్

పియానో వాద్యకారుడు హోరేస్ సిల్వర్‌తో కలిసి 1950వ దశకం మధ్యలో ఈ బృందాన్ని రూపొందించాడు. 1956లో సిల్వర్ విడిపోయిన తరువాత బృందం పేరు బ్లేకీకే మిగిలింది. 1958లో రికార్డయిన "మోనిన్" మంచి ప్రజాదరణ పొందింది. లీ మోర్గన్, వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబ్బర్డ్, కీత్ జారెట్, వింటన్ మార్సాలిస్ వంటి వారు ఈ బృందంలో పనిచేసి, అనంతరం స్వతంత్రంగా కీర్తి గడించారు.

చివరి దశ

వృద్ధాప్యంలో వినికిడి బాగా తగ్గినా బ్లేకీ వాయించడం మానలేదు. 1990 అక్టోబరు 16న న్యూయార్కులో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. మరణానంతరం 2005లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం లభించింది.