పెన్నాతీరపు పక్షిశాస్త్రజ్ఞుడు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సీమలను దాటిన పెన్నానది తూర్పుకనుమలను చీల్చుకొని నెల్లూరు దిగువన సముద్రమున కలియుచున్నది. నూట ఎనుబది యేండ్లకు పూర్వము ఆ నెల్లూరిలో తెల్లదొర యొకడు కంపెనీ వైద్యుడై యుండి, రోగులను చూడగా మిగిలిన కాలమంతయు పిట్టలకే వినియోగించుచుండెను. ఆయనయే థామస్ కావర్‌హిల్ జర్డన్.

జర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హాం సీమలో జన్మించెను. ఎడింబరోలో చదివి, 1836 ఫిబ్రవరిలో సహాయ వైద్యుడుగా మద్రాసున దిగెను. గంజాంలో జ్వరపీడితులైన సిపాయిలకు మందిచ్చుచునే పక్షులను సేకరింప నారంభించెను. వాని పేర్లు తెలియగోరి, స్కాట్లండులోని ప్రసిద్ధుడైన విలియం జార్డైనునకు చర్మములను పంపెను. ఓడ చేరునప్పటికి వానిని పురుగు తినివేసినది! ఇక సీమవారి తీర్పునకై వేచియుండక, జర్డన్ తన కన్నులనే నమ్ముకొని 1839–40లో దక్షిణాపథపు పక్షుల పట్టికను మద్రాసు పత్రికలో ప్రకటించెను. ఆ పురుగు మనకు మేలే చేసినదని నా యభిప్రాయము. ఎండిన చర్మము పాడదు గదా!

నెల్లూరిలో ఆయనకు యానాదులు గురువులైరి. ఏ పిట్ట యెచట గూడు కట్టునో, దేనిని తినునో వారికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? జర్డన్ గ్రంథములలో తెలుగుపేర్లును చోటు చేసికొన్నవి. మన పిగిలిపిట్ట వానిలో నొకటి. జర్డన్ పేరిట పక్షులు పెక్కు గలవు. యానాది పేరిట నొక్కటియు లేదు.

ఆయన పేరుగల పాటపిట్ట నొకదానిని విద్యార్థులు తప్పక యెరుగవలెను. కలకత్తా మ్యూజియంలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1844లో దానికి జర్డన్ పేరు పెట్టెను. పిగిలిపిట్టయంత యుండును. ఒడలంతయు లేతాకు వన్నె; అందుచే కొమ్మలలో కన్పట్టదు. మగదానికి గొంతు నల్లన, ఆ నలుపు చుట్టును పసుపు చాయ, దవడపై నీలిమీసము. ఆడుదాని గొంతు నీలము కలిసిన పచ్చన. దీని చుట్టములలో నొకదానికి నుదురు బంగారువన్నె, మరొకదానికి రెక్కలలో నీలము. ఈ రెండును లేనిచో అది జర్డన్ పిట్టయే.

చెవిని నమ్మినచో మాత్రము మోసపోవుదుము. ఇది ఏట్రింత కూతను, పిగిలిపిట్ట పలుకును అచ్చముగా ననుకరించును. పాట విని పిగిలిపిట్టకై వెదకి, ఏమియు కానక మరలినవారు పెక్కురు. పులివెందుల, ప్రొద్దుటూరు పిల్లలు చుట్టుపట్ల కొండలకు పోయినపుడు బదనిక పూచిన చెట్టు క్రింద కదలక కూర్చుండవలెను. తేనెకై, పండ్లకై, పురుగులకై అట్టి చెట్లకిది వచ్చును.

జర్డన్ తరువాత తలచేరిలో చీమలను పరిశీలించెను. గవర్నరు జనరల్ కానింగు ప్రోత్సాహమున రచించిన భారతదేశపు పక్షుల గ్రంథము 1862–64లో వెలువడినది. 1868లో ఉద్యోగము విరమించి, 1870లో స్వదేశము చేరి, 1872 జూన్ 12న మరణించెను. ఇన్ని పిట్టల లెక్క తెలిసినవానికి రూపాయల లెక్క తెలియలేదు కాబోలు, అప్పులే మిగిలినవి.

ఆయన కనుగొన్నవానిలో మరొకటి మన కలివికోడి. నెల్లూరు, కడపల నడిమి కనుమలలో లభింపగా, బ్లైత్ 1848లో దానిని వర్ణించెను. 1900 తరువాత కన్పట్టకపోవుటచే నశించినదని తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి చెంత మరల దొరకినది. పట్టినవాడు దూరదేశపు పండితుడు కాడు. రాత్రివేళ దీపము చేతబట్టి పొదలలో తిరుగు స్థానికుడైన వేటకాడు.