ఛాయాశిల్పి రాజా దీనదయాళ్

బాణాసురుని కూతురగు ఉష స్వప్నమున గాంచిన పురుషుడెవ్వడో తెలియక పరితపించుచుండగా, చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములను పటములపై లిఖించి చూపెననియు, అందు అనిరుద్ధుని గాంచి ఉష సిగ్గుతో తలవంచెననియు భాగవతము చెప్పుచున్నది. భవభూతి తన ఉత్తరరామచరితమున సీతారాములచేత వారి వనవాసగాథను చిత్రములయందు చూపించి, గడచిపోయిన దుఃఖమును మరల వారి కన్నులకు గట్టించెను. కన్నదానిని నిలుపుకొనవలెనను కోరిక మానవునకు అంత ప్రాచీనమైనది. చిత్రకారుని కుంచెకు బదులు సూర్యకిరణమే ఆ పనిని చేయు విద్య పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినది. ఆ విద్యను నేర్చి, హైదరాబాదు రాజ్యమునకు శాశ్వతమైన రూపసంపదను సమకూర్చి, పటముల తయారీని విక్రయమును గౌరవప్రదమైన వృత్తిగా నిలిపిన మహనీయుడు రాజా లాలా దీనదయాళ్.

ఈయన జీవితమును మక్తల్ ప్రాంతపు జనులు తెలిసికొనుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. 1869 నుండి 1911 వరకు రాజ్యమేలిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరనే 1890లో పాలమూరునకు మహబూబ్‌నగర్ అను నామము కలిగినది. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడువరకు మక్తల్ ఆ జిల్లాలోనిదే. ఆ ప్రభువు ముఖమెట్లుండెనో, ఆయన కొలువెట్టిదో, ఆ కాలపు నగరము, కోటలు, సైన్యము, వేటలు ఎట్లుండెనో నేటివారు ఎరుగుటకు ప్రధానాధారము దీనదయాళ్ తీసిన ఛాయాచిత్రములే.

దీనదయాళ్ 1844లో మీరట్ చెంతనున్న సర్ధానా అను పట్టణమున జైన కుటుంబమున జన్మించెను. వారి వంశీయులు రత్నాభరణముల వర్తకులు. వన్నె తరుగని రాతిని కంటితో గుర్తించుట ఆ యింటివారి విద్య. కాని దీనదయాళ్ ఆ వృత్తిని చేపట్టక, రూర్కీయందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు నగరమున ప్రభుత్వ మరామతు శాఖలో ఎస్టిమేటరుగాను, నక్షాలు గీయువానిగాను చేరెను. గీత యొకింత వంకరపోయినను కట్టడము వంకరపోవునని ఆ పని ఆయనకు నేర్పినది. తరువాత ఆయన చిత్రములయందు కనబడు నిలువు, కొలత, పొందిక ఈ నక్షాల చదువు వలన అబ్బినవని చెప్పుట అసంగతము కాదు.

1874 ప్రాంతమున ఆయన ఛాయాగ్రహణము నభ్యసింప మొదలిడెను. ఆ దినములలో అది సులభమైన పని కాదు. గాజుపలకపై కలోడియను ద్రవమును పూసి, వెండి లవణపు ద్రవములో ముంచి, తడి ఆరకముందే పటము తీసి, వెంటనే చీకటి గుడారములో కడిగి నిలుపవలెను. ఎండకు ద్రవమారినచో శ్రమ వ్యర్థము. చిన్న పలకపై తీసి పెద్దది చేయు పద్ధతి ఆనాడు అంతగా వాడుకలో లేదు గనుక, ఎంత పటము కావలెనో అంత గాజుపలకను బండ్లపై మోసికొనిపోవలెను. దారిలో పలక పగిలినచో ఆ దృశ్యము పోయినట్లే.

ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, బ్రిటిషు ప్రతినిధి హెన్రీ డేలీ ఈయన నైపుణ్యమును మెచ్చి ప్రోత్సహించిరి. 1875-76లో వేల్సు యువరాజు హిందూదేశమునకు వచ్చినపుడు దీనదయాళ్ ఆ పర్యటనను చిత్రించెను. పిమ్మట డేలీ స్థానమునకు వచ్చిన లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ సంచరించి, సాంచి, గ్వాలియరు, ఖజురాహో మున్నగు స్థలముల ప్రాచీన నిర్మాణములను చిత్రించెను. ఆ చిత్రములతో గ్రిఫిన్ గ్రంథము 1886లో లండనునందు వెలువడెను. అందు పటములు రంగు వెలయని బొగ్గుపొడి పద్ధతిలో ముద్రింపబడినవి. ఒక దేశీయుని కంటితో చూచిన దేశీయ శిల్పము పశ్చిమదేశపు గ్రంథాలయములకు చేరినది.

ఇక్కడ ఆయన జీవితమున పెద్ద పరీక్ష వచ్చినది. నెలనెల జీతము వచ్చు సర్కారు కొలువొకవైపు, నిశ్చయములేని స్వతంత్ర వృత్తి మరియొకవైపు. అప్పటికి ఆయనకు నలువది యేండ్లు సమీపించినవి. ఇద్దరు కుమారులు గలవు. అయినను ఆయన దీర్ఘకాలపు సెలవు గైకొని తన పటములను సంపూర్ణము చేసికొని, తుదకు కొలువును విడనాడెను. వైస్రాయి డఫరిన్ ఆయనను ఛాయాగ్రాహకునిగా నియమించెను. 1880ల దశకపు నడుమ నిజాం ప్రభువు ఆయనను హైదరాబాదునకు ఆహ్వానించెను. సికిందరాబాదున ఆయన చిత్రశాల వెలసినది.

ఆ చిత్రశాల ఒక కార్ఖానా వంటిది. ఏబదిమందికి పైగా పనివారు అందుండిరి. ఆ కాలమున పటముల నకలు తీయుటకు వాడు కాగితము కోడిగ్రుడ్ల తెల్లసొన పూసినది. అట్టి కాగితమునకు జర్మనీలోని డ్రెస్డెన్ నగరము ప్రసిద్ధి. దానిని వెండి లవణముతో తడిపి, గాజుపలక క్రింద నుంచి ఎండలో పెట్టగా రూపము తేలును. బంగారు లవణపు నీటిలో ముంచగా వన్నె కుదురుకొనును. పిదప హైపో ద్రవమున ముంచి, పలుమారులు నీట కడుగవలెను. కడుగుట తక్కువైనచో కొన్ని యేండ్లకు పటము పసుపువారి మాసిపోవును. ఒక్క పలకనుండి ఎన్ని నకళ్లయినను తీయవచ్చును గాని, ప్రతి నకలునకు ఇంత ఓపిక కావలెను. దీనదయాళ్ తన పలకలకు క్రమసంఖ్య, స్థలనామము వ్రాయించెను. కావలసినవారు సంఖ్య చెప్పి పటమును కొనవచ్చును. రాజులకు పట్టుజిల్దుల ఆల్బములు, సామాన్యులకు విడిపటములు అమ్ముడుపోయెడివి.

1892లో ఆయన చేసిన మరియొక కార్యము గమనింపదగినది. ఘోషాస్త్రీలు పరపురుషుని యెదుట నిలిచి పటము తీయించుకొనుట ఆనాడు తగదు. అందుచే వారికై ప్రత్యేకముగా ఒక జనానా చిత్రశాలను నెలకొల్పి, దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత కప్పగించెను. అంతఃపురమును దాటని స్త్రీలకు సైతము తమ రూపమును బిడ్డలకు మిగిల్చిపోవు అవకాశము ఈ విధమున లభించినది.

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆయన పటములకు స్థానము దొరకెను. 1894లో నిజాం ఆయనకు రాజా బిరుదము నొసగెను. కవియగు ఆ ప్రభువు ఆయనపై ఉర్దూలో ఒక ద్విపదను రచించెనని ప్రసిద్ధి. విక్టోరియా రాణి నియామకపత్రము సైతము ఆయనకు లభించెను. 1896లో బొంబాయి నగరమున మరియొక చిత్రశాల తెరువబడెను. 1902లో కర్జను ప్రభువు దంపతులు వరంగల్లు ప్రాంతపు నెక్కొండ చెంత వేటాడిన పులితో నిలిచిన పటము ఆయన సంస్థదే.

అయితే ఆయన పలకలపై రాజవైభవమే కాదు, కరవు సైతము నిలిచినది. ఆ శతాబ్దాంతపు క్షామకాలమున ఔరంగాబాదు ప్రాంతమునందు నిజాం ప్రభుత్వము జరిపిన సహాయకార్యములను ఆ సంస్థ చిత్రించెను. కరవనగా నేమో పాలమూరు నేలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఫలక్‌నుమా సౌధపు దీపమాలికలను, గంజికై నిరీక్షించు బక్కచిక్కిన దేహములను ఒకే చిత్రశాల పటములలో చూచువారికి ఆ కాలపు జమాఖర్చు రెండువైపుల నుండియు తెలియును.

కుమారులు జ్ఞానచంద్, ధర్మచంద్ తండ్రికి కుడియెడమ భుజములై పనిచేసిరి. 1904లో ధర్మచంద్ మరణించెను. ఆ పుత్రశోకము తీరకమునుపే 1905 జూలైలో దీనదయాళ్ స్వర్గస్థుడయ్యెను. సంస్థ కొంతకాలము నడిచి క్రమముగా క్షీణించెను. 1908 సెప్టెంబరున మూసీనది పొంగి నగరములో వేలాది యిండ్లను తుడిచిపెట్టినది. వరదకు ముందటి నగరమునకు ఇట్టి పటములే సాక్షులైనవి.

1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆయన గాజుపలకలను 2,857 సేకరించి భద్రపరచినది. 2006లో ప్రభుత్వము ఆయన స్మారకముగా తపాలాబిళ్ల వెలువరించెను. ఆయన పటముల నకళ్లు నేడు అంగళ్లలో విరివిగా లభించుచున్నవి. కాని అన్ని నకళ్లు ఒకటి కావు. మూలపలకనుండి గాని మొదటి ముద్రనుండి గాని తీసినదానిలో రాతిపై చెక్కడము స్పష్టముగ కనబడును. వార్తాపత్రికనుండి తీసిన నకలు చుక్కలుచుక్కలై అలుకుకొనిపోవును. అంచులు కత్తిరించి, లేని రంగులు పూసి, స్థలనామమును తొలగించినది చూచుటకెంత సొంపుగా నున్నను చరిత్రకు అక్కరకు రాదు.

పహాణీ నకలులో ఒక సర్వే నంబరు తప్పినచో పొలము తగవులో పడును. పాత పటము నకలులో పేరో సంవత్సరమో తప్పినచో చరిత్రయే తగవులో పడును. అందుచే గ్రంథాలయముల గోడలకెక్కు ప్రతి పాత ఛాయాచిత్రము క్రింద, ప్రతి పాత నక్షా క్రింద అది ఎప్పటిదో, ఎచటిదో, ఎవరు తీసినదో వ్రాసియుండవలెను. నేరుటెండ తగులని గోడ దానికి తగిన చోటు. ఇండ్లలో పెట్టెల అడుగున మాసిపోవుచున్న పెద్దల పటములను సైతము వెలిసిపోకమునుపే మంచి నకలు తీయించి, వెనుక పేర్లు వ్రాయించి యుంచుట సంతానమునకు చేయు మేలు. పేరెరుగని పటము తరువాతి తరమునకు చిత్తుకాగితముతో సమానము.

రత్నవర్తకుల యింట పుట్టి గాజును నమ్ముకొన్న దీనదయాళ్ ఆ గాజుతోనే ఒక కాలమును రత్నమువలె కాపాడెను.