రేడియం వెలుగులో

రోగిని బ్రతికించే ఔషధమే వైద్యునికి విషంగా మారడం వైద్యచరిత్రలో అరుదైన విషయం. రేడియం అటువంటి ఔషధం. దానిని లోకానికి అందించిన మేరీ క్యూరీ జీవితమే ఇందుకు నిదర్శనం.

ఆమె 1867 నవంబరు 7వ తేదీన పోలెండులోని వార్సా నగరంలో జన్మించింది. అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. రష్యా ఏలుబడిలో ఉన్న ఆ నగరంలో నాడు స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. సంపన్నుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పి, ఆ సంపాదనతో అక్కకు వైద్యవిద్య చెప్పించి, 1891లో తాను పారిస్ చేరింది. 1895లో పియరీ క్యూరీని వివాహమాడింది. 1898లో ఆ దంపతులు పొలోనియం, రేడియం అనే రెండు మూలకాలను కనుగొన్నారు. వాన కురిసే పాత షెడ్డులో టన్నులకొద్దీ ఖనిజపు పిప్పిని మరిగించగా, 1902 నాటికి లభించిన రేడియం లవణం గ్రాములో పదవ వంతు మాత్రమే!

రాత్రివేళ ఆ గాజునాళికలు వెదజల్లే నీలికాంతిని చూసి దంపతులు మురిసిపోయేవారు. ఆ కాంతిలో దాగిన ప్రమాదం తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. రేడియం నాళికను జేబులో ఉంచుకొన్న బెకరెల్ శరీరంపై పుండు లేచింది. పియరీ బుద్ధిపూర్వకంగానే తన చేతిని కాల్చుకొని, ఆ గాయాన్ని పరిశీలించాడు. ఆరోగ్యవంతమైన చర్మాన్ని దహించగల పదార్థం రోగగ్రస్తమైన కణజాలాన్ని కూడ దహించగలదు కదా! ఈ ఆలోచన నుండే రేడియం చికిత్స పుట్టింది. మన పెద్దలు రాచపుండు అని పిలిచి భయపడిన వ్యాధికి కొత్త ఆయుధం దొరికింది. ఫ్రాన్సులో ఈ విధానాన్ని నేటికీ క్యూరీ పేరుతోనే వ్యవహరిస్తారు.

1906లో గుర్రపుబండి ప్రమాదంలో పియరీ మరణించాడు. 1903లో భౌతికశాస్త్రానికి, 1911లో రసాయనశాస్త్రానికి మేరీ నోబెల్ బహుమతులు పొందింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఎక్స్‌రే యంత్రాలను మోటారు వాహనాలలో యుద్ధరంగానికి తీసుకొనివెళ్ళి, గాయపడిన సైనికులకు సేవచేసింది.

ఆమె చేసిన మరొక సేవ అంతగా ప్రచారం పొందలేదు. రేడియం నుండి రేడాన్ అనే వాయువు నిరంతరం వెలువడుతుంది. దాని శక్తి నాలుగు రోజులలోపే సగమవుతుంది. ఆమె ఆ వాయువును సెంటీమీటరు పొడవున్న సన్నని గాజుగొట్టాలలో బంధించి ఆసుపత్రులకు పంపేది. వైద్యులు వాటిని ప్లాటినం సూదులలో ఇమిడ్చి రోగి శరీరంలో వ్యాధి ఉన్నచోటనే నాటేవారు. విలువైన రేడియం సంస్థలోనే భద్రంగా ఉండేది. చికిత్స మాత్రం దూరప్రాంతాలకు చేరేది. అయితే కిరణాలకు రోగి ఎవరో, పరిచారిక ఎవరో తెలియదు. గొట్టాన్ని నింపిన చేయి, సూదిని గుచ్చిన చేయి, మంచం ప్రక్కన శుశ్రూష చేసిన చేయి అన్నీ వాటికి సమానమే. తొలిరోజులలో తగిన రక్షణ లేకుండా ఈ గొట్టాలను నింపిన మేరీ తరచు నీరసించిపోయేది.

1925లో వైద్యావసరాలకు రేడియోధార్మిక పదార్థాలు తయారుచేసే ఇద్దరు ఇంజనీర్లు కొద్దిరోజుల తేడాతో రక్తవ్యాధులకు బలియైనారు. సీసపు అడ్డుగోడలు, క్రమం తప్పని రక్తపరీక్షలు అవసరమని వైద్య అకాడమీ సంఘం సూచించింది. అందులో మేరీ కూడ సభ్యురాలు. కాని తన విషయంలో ఆమె అంత జాగ్రత్త చూపలేదు. వ్రేళ్ళు కాలి గట్టిపడినా, కంటి శుక్లాలకు మారుపేరుతో శస్త్రచికిత్సలు చేయించుకొన్నా, స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి చాలునని నమ్మింది. రేడియంపై ఆమెకున్న మమకారమే అందుకు కారణమనిపిస్తుంది.

1934 జూలై 4వ తేదీన, ఎముకల మూలుగ దెబ్బతినడం వలన కలిగిన రక్తహీనతతో ఆమె కన్నుమూసింది.

తరువాతి కాలంలో చికిత్సావిధానం మారింది. ముందుగా రోగి శరీరంలో ఖాళీ గొట్టాలను అమర్చి, సిబ్బంది గది వెలుపలికి వచ్చిన పిదప యంత్రం ద్వారా కిరణమూలాన్ని పంపే పద్ధతి ఏర్పడింది. శరీరంలో శాశ్వతంగా నాటే అయోడిన్ గింజల కిరణాలను పలుచని సీసపు రేకు కూడ అడ్డుకొంటుంది. ఆ గింజలను చేతివ్రేళ్ళతో కాక పట్టకారుతోనే పట్టుకొంటారు. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాల్గవ వంతుకు తగ్గుతుంది. సిబ్బంది ఛాతీపై ధరించే చిన్న బిళ్ళ వారికి సోకిన కిరణాల లెక్క చెబుతుంది.

1995లో మేరీ భౌతికావశేషాలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించినపుడు, సీసం పొదిగిన శవపేటికలో అనుకొన్నంత రేడియం కనిపించలేదు. ఆమె వ్యాధికి యుద్ధకాలపు ఎక్స్‌కిరణాలే ముఖ్యకారణం కావచ్చునని నిపుణులు భావించారు. ఆమె ప్రయోగాల నోటుపుస్తకాలు మాత్రం నేటికీ సీసపు పెట్టెలలోనే ఉన్నాయి. వాటికంటిన రేడియం శక్తి సగానికి తగ్గడానికి పదహారు వందల సంవత్సరాలు పడుతుంది.