పాల్కురికి సోమనాథుడు

పాల్కురికి సోమనాథుడు శివకవి యుగానికి చెందిన ప్రముఖ తెలుగు కవి. నన్నెచోడుడు, మల్లికార్జున పండితారాధ్యుడు, సోమనాథుడు - ఈ ముగ్గురిని శివకవిత్రయం అంటారు. బసవ పురాణం, పండితారాధ్య చరిత్ర ఈయన ప్రధాన రచనలు. నల్లమల అడవుల గుండా శ్రీశైలానికి నడిచి వెళ్ళే సామాన్య భక్తుల యాత్రను, వారి పాటలను, ఆటలను తెలుగు కావ్యంలోకి విస్తారంగా తెచ్చిన కవిగా కూడా ఈయన ప్రసిద్ధుడు.

జీవితం

సోమనాథుని తల్లిదండ్రులు శ్రియాదేవి, విష్ణురామిదేవుడు. జన్మస్థలం ఓరుగల్లుకు సమీపంలోని పాలకుర్తి అని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఈ గ్రామం పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో జరిగిన పునర్విభజనతో జనగామ జిల్లాలో చేరింది. పోతన స్వగ్రామంగా చెప్పే బమ్మెర కూడా పాలకుర్తి మండలంలోనే ఉంది. అయితే కర్ణాటకలోని హాల్కురికె సోమనాథుని జన్మస్థలమని మరికొందరు వాదించారు.

ఈయన కాలం గురించి కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కాకతీయ రుద్రదేవుని (మొదటి ప్రతాపరుద్రుడు) కాలం వాడని బండారు తమ్మయ్య, రెండవ ప్రతాపరుద్రుని (1289-1323) కాలం వాడని చిలుకూరి వీరభద్రరావు నిర్ణయించారు. సోమనాథుడు తెలుగుతో పాటు సంస్కృత, కన్నడ భాషలలోనూ రచనలు చేశాడు. కర్ణాటక ప్రాంతంలో శివైక్యం చెందాడని సంప్రదాయం.

ఓరుగల్లు ఘట్టం

సోమనాథుడు తన రెండు ప్రధాన కావ్యాలకు ద్విపద ఛందస్సును, జాను తెనుగును ఎంచుకున్నాడు. సంస్కృత సమాసాలతో నిండిన చంపూ కావ్యాలకే గౌరవం దక్కిన ఆ రోజులలో ఇది సాహసమే. తరువాతి కాలపు కవి పిడుపర్తి సోమనాథుడు ఈ విషయమై ఒక కథ చెప్పాడు. ఓరుగల్లులోని స్వయంభూదేవుని ఆలయంలో భక్తులు బసవ పురాణం వింటుండగా ప్రతాపరుద్రుడు అక్కడికి వచ్చాడట. అది ద్విపదలో అల్లినది, ప్రమాణం కాదు అని పక్కనున్న ఒకరు చెప్పగా రాజు ఆగకుండా వెళ్ళిపోయాడట. భక్తుల వలన ఈ సంగతి తెలిసి సోమనాథుడు ఓరుగల్లుకు బయలుదేరాడని ఆ కథ. ఇది చారిత్రకంగా ఎంతవరకు నిజమైనా, దేశి కవిత్వం పట్ల పండిత వర్గానికి ఉన్న చిన్నచూపును తెలుపుతుంది.

శ్రీశైల యాత్ర

పండితారాధ్య చరిత్రలో దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత అనే ఐదు ప్రకరణాలు ఉన్నాయి. కథానాయకుడైన మల్లికార్జున పండితారాధ్యుడు 12వ శతాబ్దంలో ద్రాక్షారామ ప్రాంతంలో పుట్టిన శైవాచార్యుడు. బసవేశ్వరుని చూడాలని కల్యాణానికి బయలుదేరి, దారిలో ఆయన లింగైక్యం చెందాడని విని, శ్రీశైలం చేరి అక్కడే శివైక్యం చెందాడు. ఈ కథలో పర్వతం అంటే శ్రీశైలమే.

పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే జనసమూహాల వర్ణన ఉంది. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు మొదలైన పాటలను కవి పేర్కొన్నాడు. నాట్యాలు, వాద్యాలు, బొమ్మలాటలు, గడసాని ఆటలు కూడా ఇందులో కనిపిస్తాయి. ఆనాడు వ్రాతకు ఎక్కని ఈ పాటలలో చాలావాటి ఉనికి మనకు తెలియడానికి ఈ కావ్యమే ముఖ్య ఆధారం.

యాత్రా మార్గం

శ్రీశైలానికి త్రిపురాంతకం తూర్పు ద్వారం, సిద్ధవటం దక్షిణ ద్వారం, అలంపురం పశ్చిమ ద్వారం, ఉమామహేశ్వరం ఉత్తర ద్వారం. ఓరుగల్లు వైపు నుండి వచ్చేవారు అడవి దాటి, కృష్ణానది లోయలోకి దిగి, మరల కొండ ఎక్కవలసి ఉండేది. 20వ శతాబ్దం మధ్యలో మోటారు రోడ్డు పడేవరకు రోజుల తరబడి కాలినడకే ప్రధాన సాధనం. నీటి కొరత, క్రూరమృగాల భయం, దొంగల బెడద వలన భక్తులు గుంపులుగా నడిచేవారు. అడవిలోని చెంచులు వారికి దారి చూపేవారు.

నేటికీ వాడుకలో ఉన్న ప్రసిద్ధ కాలిబాట ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరుతుంది. ఈ నడకకు సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. భీముని కొలను వద్ద లోతైన లోయలోకి దిగి, అక్కడి నుండి కైలాసద్వారం వరకు నిటారుగా మెట్లు ఎక్కడం ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. శ్రీశైల క్షేత్రంలో ఎత్తైన చోటు శిఖరేశ్వరం. అక్కడి నుండి ఆలయ శిఖరాన్ని దర్శిస్తే పునర్జన్మ ఉండదని భక్తుల విశ్వాసం. ఈ అరణ్యం పులుల అభయారణ్యం కావడం వలన శివరాత్రి, ఉగాది ఉత్సవాల సమయంలోనే యాత్రికులను ఈ బాటలో అనుమతిస్తున్నారు.

ఇతర రచనలు

- అనుభవసారము
- వృషాధిప శతకము
- చతుర్వేదసారము
- చెన్నమల్లు సీసములు
- సోమనాథ భాష్యము (సంస్కృతం)
- బసవ రగడ (కన్నడం)

ప్రభావం

భీమకవి 1369లో బసవ పురాణాన్ని కన్నడంలోకి అనువదించాడు. పండితారాధ్య చరిత్ర చిలుకూరి నారాయణరావు విపులమైన పీఠికతో 1939లో అచ్చయింది. సురవరం ప్రతాపరెడ్డి తన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయుల కాలపు జనజీవితాన్ని వివరించడానికి ఈ కావ్యాన్ని విరివిగా వాడుకున్నాడు. శాసనాలు రాజుల దానాలను, విజయాలను తెలుపగా, కొండదారి పట్టిన పేరులేని యాత్రికులు ఏమి పాడుకున్నారో ద్విపద కావ్యం తెలుపుతున్నది. ప్రమాణం కాదన్న ఛందస్సే నేడు ఆనాటి సామాన్యుల జీవితానికి ప్రమాణంగా నిలిచింది.